యాభై నాలుగో ట్యూబు

“ఇరవైకి ఇరవై! ఒక్కటంటే ఒక్కటి కూడా వేరే పేరు చెప్పలేదు. అన్నీ రొట్టె ఈస్టే!”

ల్యాబు పెద్ద డాక్టరు ఈ మాట అనడం అది నాలుగోసారి. ఎదురు కుర్చీలో కూర్చున్నావిడ చేతిగడియారం చూసుకుని, గళ్ళ నోటుపుస్తకంలో ‘గురువారం, ఉదయం 9.40’ అని రాసుకుంది.

ఆమె డిటెక్టివ్. అంతకుముందు ఇరవై రెండేళ్ళు బడిలో లెక్కలు చెప్పింది. పిల్లలు కాపీ కొట్టే పద్ధతులు మొత్తం నూట పదకొండని అప్పట్లోనే తేల్చింది. ఉద్యోగం అయిపోయాక ఆ విద్య వృథా పోవడం ఇష్టంలేక ఇంటి ముందు డిటెక్టివ్ బోర్డు పెట్టింది. బోర్డు మీద ఏం రాసి ఉన్నా జనం మాత్రం ఆమెని టీచరనే పిలుస్తారు.

“గాభరాపడకండి డాక్టరుగారూ. మొదట్నించీ చెప్పండి. నాకు రొట్టె తినడం వచ్చు గానీ ఈస్టు సంగతి రాదు.”

డాక్టరు గ్లాసుడు నీళ్ళు తాగి చెప్పాడు. ఈస్టు అంటే ఒకటి కాదు, బోలెడన్ని జాతులు. కొన్ని పిండిని పొంగిస్తాయి. కొన్ని మనిషి రక్తంలో చేరి ప్రాణం మీదికి తెస్తాయి. ఏ జాతో తెలిస్తేనే ఏ మందు వెయ్యాలో తెలుస్తుంది. పాత పద్ధతిలో అది తేలేసరికి వారం పడుతుంది, ఈలోపు రోగి ఆగడు. అందుకని రెండు రోజుల్లో పేరు చెప్పే కిట్టు కొనాలని ఆసుపత్రి నిర్ణయించింది. అమ్ముతామని ముగ్గురొచ్చారు. ఒకరిది ఎర్ర డబ్బా, ఒకరిది నీలం డబ్బా, ఇంకొకరిది పచ్చ డబ్బా. ఎవరికి వారు మాదే గొప్పంటారు.

“అందుకని మేమే పరీక్ష పెట్టాం. అరవై నమూనాలు. పేర్లు ఉండవు, నంబర్లే. అసలు పేర్లు కవర్లో పెట్టి అంటించేస్తాం. ఒక్కో నమూనానీ మూడు కిట్ల మీదా వేస్తాం. చివర్లో కవరు విప్పి ఎవరికెన్ని మార్కులొచ్చాయో చూస్తాం.”

“ప్రశ్నపత్రం, ముగ్గురు పిల్లలు, సీలు వేసిన జవాబులు,” అంది టీచరు ఉత్సాహంగా. “ఇది నాకు తెలిసిన సబ్జెక్టే.”

“మొదటి నలభై నమూనాలు మావే. ఏ గొడవా లేదు. చివరి ఇరవై, నలభై ఒకటి నుంచి అరవై దాకా, వేరే ఆసుపత్రి నుంచి ఒక పెట్టెలో, గాజు ట్యూబుల్లో వచ్చాయి. సోమవారం కిట్ల మీద వేశాం, నిన్న పొద్దున చూశాం. ఎర్ర డబ్బా రొట్టె ఈస్టంది. నీలం డబ్బా రొట్టె ఈస్టంది. పచ్చ డబ్బా కూడా రొట్టె ఈస్టే అంది. ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి కొనుగోలు కమిటీ కూర్చుంటుంది. మూడు కిట్లూ పనికిరానివని చెప్పాలా? నాకే పరీక్ష పెట్టడం రాదని చెప్పాలా?”

“కిట్టు చూపించండి.”

వేలెడు పొడవున్న ప్లాస్టిక్ పట్టీ తెచ్చాడు. దాని మీద ఇరవై బుల్లి గుంటలు. ఒక్కో గుంటలో ఒక్కో రకం చక్కెర ఎండబెట్టి ఉంది. ఈస్టుని నీళ్ళలో కలిపి అన్ని గుంటల్లోనూ పోస్తే, తనకి నచ్చిన తీపి ఉన్నచోట అది తిని పెరుగుతుంది. అక్కడ నీళ్ళు మసకబారతాయి. ఏయే గుంటలు మసకబారాయో లెక్కగట్టి పుస్తకంలో చూస్తే పేరు దొరుకుతుంది.

“అంటే విస్తట్లో ఏం మిగిల్చాడో చూసి వచ్చినవాడెవరో చెప్పడం,” అంది టీచరు. “డాక్టరుగారూ, ఒక మాట. ముగ్గురు పిల్లల్ని మూడు గదుల్లో కూర్చోబెట్టాం. ముగ్గురూ ఒకే జవాబు రాశారు. ఒకళ్ళ పేపరు ఒకళ్ళు చూసే వీల్లేదు. దానికి అర్థమేంటి?”

“ఏంటి?”

“ఆ జవాబు కరెక్టని. మీ కిట్లకి మూడింటికీ నూటికి నూరు మార్కులు. ట్యూబుల్లో ఉన్నది నిజంగానే రొట్టె ఈస్టు. ఎవరో ప్రశ్నపత్రం మార్చేశారు.”

డాక్టరు నోరు తెరిచాడు. మూసేలోపే ఎవరో తలుపు దబదబా బాదారు.

“వదినా! లోపలున్నారని తెలుసు. ఇది పోలీసు కేసు!”

టీచరు నిట్టూర్చి గొళ్ళెం తీసింది. గుమ్మం నిండా ఖాకీ చొక్కాతో ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు. ఆమె భర్తకి స్వయానా తమ్ముడు. ఏడో తరగతిలో ఆమె దగ్గరే లెక్కలు చదివాడు. అంటే చదవడానికి కూర్చున్నాడు. ఇంట్లో వదినగారి ముందు గొంతెత్తని మనిషి, యూనిఫాం వేసుకుంటే మాత్రం పాత మార్కులన్నీ గుర్తొచ్చి గట్టిగా మాట్లాడతాడు.

“రండి మరిదిగారూ. కేసు తేలిందా?”

“నిన్న డాక్టరుగారు ఫోను చేసి చెప్పగానే, సాయంత్రానికల్లా తేల్చేశాను. ట్యూబుల్లో ఏం దొరికింది? రొట్టె ఈస్టు. రొట్టె ఈస్టు ఎవరి దగ్గరుంటుంది? రొట్టెలు చేసేవాడి దగ్గర. క్యాంటీను మేస్త్రీని పట్టుకొచ్చి కింద సెక్యూరిటీ గదిలో కూర్చోబెట్టాను.”

“రేపు ఎక్కడైనా ఉప్పు దొరికితే సముద్రాన్ని అరెస్టు చేస్తావా నాయనా?”

“ఎగతాళి వద్దు వదినా. వాడే చేశాడు.”

“ఏం చేశాడు? ఎందుకు చేశాడు? ఎన్ని గంటలకి చేశాడు?”

ఇన్‌స్పెక్టరు మీసం సరిచేసుకున్నాడు. “అవన్నీ వాడు చెబుతాడు.”

“చెప్పాడా?”

“‘నాకేం తెలీదండీ’ అన్నాడు. నిన్న సాయంత్రం నుంచి ముప్ఫై ఏడుసార్లు అన్నాడు.”

“లెక్కపెట్టావు చూడు, అందుకు మెచ్చుకుంటున్నాను. పద, ల్యాబు చూద్దాం.”

వరండాలో ఒక నాజూకు మనిషి ఎదురొచ్చాడు. ఇస్త్రీ నలగని సూటు, ముక్కుపుటాలు అదిరేంత సెంటు. పచ్చ డబ్బా కంపెనీ సేల్సు మేనేజరు. వంగి నమస్కారం పెట్టి, టీచరు చేతిలో పచ్చ రంగు పెన్ను పెట్టాడు.

“ఏదో గొడవైందని విన్నానండీ. డాక్టరుగారు ఒక్క ముక్క చెప్పడం లేదు. మా కిట్టు వరకూ అయితే మీరు నిశ్చింతగా ఉండొచ్చు. ఏ ఈస్టునైనా సరే పేరు పెట్టి పిలుస్తుంది.”

“అన్నిటినీనా?”

“అన్నిటినీ అండీ!” అని పళ్ళన్నీ చూపించి వెళ్ళిపోయాడు. టీచరు ఆ పెన్నుతో గీత గీసి చూసింది. పడలేదు.

ల్యాబులో సీనియర్ టెక్నీషియన్ చేతులు కట్టుకుని వాళ్ళకోసం సిద్ధంగా ఉంది. ఆసుపత్రిలో ఆవిణ్ణి గడియారం అంటారు. మాటా మనిషీ కూడా అంతే ఖచ్చితం.

“సోమవారం పెట్టె ఎప్పుడొచ్చింది?” అడిగింది టీచరు.

“ఎనిమిదీ ఇరవై రెండు. సంతకం పెట్టి తీసుకున్నా. ఈ బల్ల మీద పెట్టా. ఎనిమిదిన్నరకి పై అంతస్తులో మీటింగు. పదింటికి అయిదు నిమిషాలుందనగా తిరిగొచ్చా.”

“మధ్యలో గంటా ఇరవై అయిదు నిమిషాలు. ఇక్కడెవరున్నారు?”

“ఎవరూ లేరు. ఆయా ఒక్కతే, తుడుస్తోంది.”

“ఆయా ఉంటే ఎవరూ లేరంటావేంటమ్మా?”

గడియారం తొలిసారి ఒక క్షణం ఆగింది. “అంటే… ఆయా కదా.”

టీచరు నోటుపుస్తకంలో ‘ఆయా’ అని రాసి కింద రెండు గీతలు గీసింది.

“పెట్టెకి టేపు వేసి ఉందా?”

“వచ్చినప్పుడు చూడలేదండీ. మీటింగుకి టైమైపోతోంది. తిరిగొచ్చేసరికి మూత తీసి ఉంది, ట్యూబులు స్టాండులో వరసగా పెట్టి ఉన్నాయి. ఆయా సర్దిందనుకున్నా. లెక్కపెట్టా. ఇరవై. పదీ అయిదుకి పని మొదలుపెట్టా.”

ఫ్రిజ్‌లోంచి ఆ స్టాండు బయటికొచ్చింది. వేలంత గాజు ట్యూబులు. ఒక్కోదానిలో ఏటవాలుగా గడ్డకట్టిన ఆహారం, దాని మీద మీగడ రంగు పూత. టీచరు భూతద్దం తీసింది. ఇన్‌స్పెక్టరు కూడా తనది తీశాడు. ఇంట్లో వదినదే ఇంకొకటి అడక్కుండా తెచ్చుకున్నాడు.

“మొదటి విడత ట్యూబు ఒకటి ఇవ్వండి, పక్కన పెట్టి చూద్దాం,” అంది టీచరు.

పక్కపక్కన పెట్టగానే తేడా కళ్ళకి కొట్టింది. పాత ట్యూబులో ఈస్టు సన్నటి తీగతో గీసిన గీత వెంబడి, పాము పాకినట్టు వంకర్లు తిరుగుతూ పెరిగింది. కొత్తవాటిలో వంకర్లూ లేవు, గీతా లేదు. ఒక కొన నుంచి ఇంకో కొన దాకా ఒకే ఊపులో, నున్నగా, సమంగా పూసి ఉంది.

“చూడమ్మా గడియారం. మీ ల్యాబులో ఎవరైనా ఇలా పూస్తారా?”

“లేదండీ. ఏదో వేరే ఆసుపత్రివాళ్ళ పద్ధతేమో, బాగా ఒత్తుగా పెరిగింది అనుకున్నా.”

“పెరగలేదు. రాశారు, రొట్టె మీద వెన్న రాసినట్టు. రోజుకి నాలుగొందల ముక్కలకి రాసే చెయ్యి ఇది.”

ఇన్‌స్పెక్టరు కళ్ళు మెరిశాయి. “నేను చెప్పలా!”

గుడ్డెద్దు చేలో పడ్డట్టు మరిది సరైనవాడి మీదే పడ్డాడు. ఆ చేదు మింగుతూ ఆమె ట్యూబుల్ని ఒక్కొక్కటే తిప్పి చూసింది. పందొమ్మిదింటికి అచ్చు వేసిన నంబరు చీటీలున్నాయి, అంచులు కొంచెం చిరిగి, మళ్ళీ అంటించినట్టు. ఒక్క యాభై నాలుగుకి మాత్రం చిన్న గుండ్రటి స్టిక్కరు. దాని మీద బాల్‌పెన్నుతో, ఐదు వంకరగా, ‘54’.

“ఇలాంటి గుండ్రటి స్టిక్కర్లు ఎక్కడుంటాయి?”

“క్యాంటీన్లో. రొట్టె పొట్లాల మీద తేదీ వేస్తారు,” అంది గడియారం.

“చూశారా వదినా!” అన్నాడు మరిది. ఆ ‘చూశారా’లో ఏడో తరగతి లెక్కల పరీక్షల బాకీలన్నీ తీరిపోయాయి.

పదీ ఇరవైకి వదినా మరిదీ కిందికి దిగారు.

సెక్యూరిటీ గదిలో స్టూలు మీద రొట్టెల మేస్త్రీ కూర్చున్నాడు. భారీ మనిషి, బెదిరిన చూపు. మోచేతుల దాకా పిండి అలాగే ఎండిపోయి ఉంది. టీచర్ని చూడగానే లేచి నిలబడి, ముప్ఫై ఎనిమిదోసారి చెప్పాడు. “నాకేం తెలీదండీ.”

“నీకు తెలిసిందే అడుగుతాను, కూర్చో,” అంది టీచరు. సంచిలోంచి ల్యాబులో అడిగి తెచ్చిన ఖాళీ ట్యూబు ఒకటి, దారిలో క్యాంటీన్లో తీసుకున్న మెత్తటి ఈస్టు ముద్ద చిన్నది, ఒక చెక్క పుల్ల తీసి అతని ముందు పెట్టింది. “ఇది దీన్లో పూసి చూపించు.”

మేస్త్రీ ఇన్‌స్పెక్టరు వంక చూశాడు, ట్యూబు వంక చూశాడు. పూయకూడదని అతని మొహానికి తెలుసు. చేతికి తెలీదు. పుల్ల అందుకుంది, ఒక్క ఊపులో కొన నుంచి కొన దాకా నున్నగా రాసేసింది. రాసి, అంచు కూడా తుడిచింది.

టీచరు ఆ ట్యూబు ఎత్తి వెలుతురుకి పట్టింది.

మేస్త్రీ తన చేతిని తనే కొట్టేట్టు చూశాడు. తర్వాత ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు. “సరేనండీ. నేనే చేశాను. కక్షతో చేశాను.”

“ఎవరి మీద కక్ష?” ఇన్‌స్పెక్టరు పెన్ను తీశాడు.

“డాక్టరుగారి మీదండీ. పోయిన నెల నా రొట్టెని చెప్పు అట్ట అన్నారు.”

“అంత మాటనలేదే! రబ్బరన్నాను,” అన్నాడు గుమ్మం దగ్గర నిలబడ్డ డాక్టరు. ఆయనెప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు.

“అదే అండీ. మనసుకి తగిలింది. అందుకని పైకొచ్చి, ఆ… సీసాలు పగలగొట్టి, ఇవి పెట్టాను.”

“పైకి ఎన్నింటికొచ్చావు?” అడిగింది టీచరు.

“ఆ… పొద్దున్నండీ.”

“ల్యాబు తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా?”

మేస్త్రీ నుదుటికి చెమట పట్టింది. “తెరిచే ఉందండీ.”

“ఖాళీ ట్యూబులు ఏ అలమరలో ఉన్నాయి?”

“అలమరలోనే ఉన్నాయండీ.”

“వదినా, ఒప్పుకున్నాడు కదా! ఇంకా ఈ చిక్కుప్రశ్నలేంటి?” ఇన్‌స్పెక్టరు విసుక్కున్నాడు. “సంతకం పెట్టించుకుంటాను.”

“ఇతను ల్యాబు గడప తొక్కలేదు. జవాబు కరెక్టే గానీ లెక్క చేసింది ఇతను కాదు, మరిదిగారూ. స్టెప్పులు చూపించమంటే తెల్లమొహం వేస్తున్నాడు. వెనకాల ఇంకెవరో ఉన్నారు. వాళ్ళని కాయడానికి తలకెత్తుకుంటున్నాడు.”

“నా కేసులో మీరు వేలు పెట్టకండి!”

“వేలు కాదు, చెయ్యి మొత్తం పెడతాను. తప్పు లెక్కకి టిక్కు పెట్టడం నా వల్ల కాదు!”

ఇద్దరి గొంతులూ వరండాలోకి వినబడే సమయానికి తలుపు తోసుకుని ఒక ముసలావిడ లోపలికొచ్చింది. చేతిలో తుడిచే కర్ర అలాగే ఉంది. ల్యాబు ఆయా.

“ఒరేయ్ తమ్ముడూ, ఆపరా!” అంది. కర్ర గోడకి ఆనించి, టీచరు ముందు నిలబడింది. “అమ్మా, వాడు కాదు. నేను. బల్ల తుడుస్తుంటే ఆ పెట్టె మోచేతికి తగిలి పడిపోయింది. అన్నీ పగిలిపోయాయి. ఇంకో ఎనిమిది నెల్లు పనిచేస్తే నాకు పింఛనొస్తుంది. కాళ్ళు చేతులు ఆడలేదు. కిందికి పరిగెత్తి వీడితో చెప్పుకుని ఏడ్చాను.”

“అక్క ఏడిస్తే నేను చూళ్ళేనండీ,” అన్నాడు మేస్త్రీ నేలచూపులు చూస్తూ. “ఏం పగిలిందే అంటే ఈస్టు అంది. ఈస్టేగా, దానికి ఏడవడమేంటి, నా దగ్గర మూడు కిలోలుంది అన్నాను. ఖాళీ సీసాలు పట్టుకొస్తే మా వంటగదిలో కూర్చుని పూసిచ్చాను. పాపం పెద్దాసుపత్రి, పిసరంత ఈస్టు కోసం ఇంత అవస్థ పడుతున్నారేంటా అనుకున్నాను. కావాలంటే రోజూ ఇచ్చేవాణ్ణి కదండీ!”

డాక్టరు గోడకి చేరబడి కళ్ళు మూసుకున్నాడు. నలభై ఏళ్ళ చదువు ఆయన మొహం మీద నుంచి కిందికి జారిపోతున్నట్టుంది.

“పగిలినవి ఏం చేశావు?” టీచరు గొంతు మెత్తబడింది.

“ఇన్నేళ్ళుగా నేర్చుకున్న పని కదమ్మా. గ్లౌజులు తొడుక్కుని, మందు పోసి, అరగంట ఆగి, ఎర్ర సంచిలో ఎత్తి ఆవిరి మరలో పడేశాను. నేల మూడుసార్లు కడిగాను. ఒక్క పురుగు బతకదు.”

“నంబరు చీటీలు?”

“మందులో తడిపి, ఒలిచి, కొత్తవాటికి అంటించాను.”

“మరి యాభై నాలుగుది ఎందుకు ఒలవలేదు? అది చేత్తో రాసుంది.”

ఆయా ఆశ్చర్యంగా చూసింది. “లేకపోతే ఎలా ఒలుస్తానమ్మా? పెట్టెలో ఉన్నవి పందొమ్మిదే.”

టీచరు పెన్ను ఆగిపోయింది. “ఇంకోసారి చెప్పు.”

“పెట్టెలో ఇరవై గూళ్ళున్నాయి. ఒక గూడు ఖాళీ, ఆ కింద గాజుపెంకు కూడా లేదు. చీటీలు వరసగా పేర్చుకుంటే యాభై మూడు ఉంది, యాభై అయిదు ఉంది, మధ్యలోది లేదు. అది కూడా నేనే పోగొట్టానంటారేమోనని వీడి స్టిక్కరు మీద రాసి, ఇరవై చేసి పెట్టాను.”

ఇన్‌స్పెక్టరు తన నోటుబుక్కులో కొట్టేయబోయిన మేస్త్రీ పేరు మీద పెన్ను అలాగే ఉంచి వదిన వైపు చూశాడు. ఆమె అప్పటికే డాక్టరు వైపు తిరిగింది.

“కవరు విప్పండి.”

“కమిటీ ముందే విప్పాలి…”

“డాక్టరుగారూ!”

తన గదిలో, ఇనప్పెట్టె ముందు నిలబడి డాక్టరు కవరు బయటికి తీశాడు. టీచరు దాన్ని కిటికీ వెలుతురుకి పట్టింది. అంచున టేపు ఒకటి కాదు, రెండు. కింద టేపు మధ్యకి కత్తిరించి ఉంది, దాని మీద సరిగ్గా కప్పుతూ ఇంకోటి. ఆమె కవరు చించి కాయితం చేతికిచ్చింది. డాక్టరు వేలు వరసలో కిందికి దిగుతూ యాభై నాలుగు దగ్గర ఆగింది.

“కాండిడా ఆరిస్,” అన్నాడు. “ఈ మధ్య కొత్తగా పట్టుబడుతున్న జాతి. మందులకి ఓ పట్టాన లొంగదు. ఐసీయూలో అడుగుపెట్టిందంటే మంచం నుంచి మంచానికి పాకుతుంది. అన్నిటికంటే ఘోరం, చాలా కిట్లు దీన్ని వేరే ఈస్టు అనుకుని తప్పు పేరు చెబుతాయి. దీన్ని పట్టే కిట్టు కావాలనే ఈ పరీక్షంతా.”

“ఆ పెట్టే, ఈ కవరూ మీ దగ్గరికి ఎలా వచ్చాయి?”

డాక్టరు దగ్గాడు. “మా వ్యాను పాడైంది. అటునుంచి కారులో వస్తున్నాను, తెచ్చిపెడతానని ఆయనే అన్నారు.”

“ఏ ఆయన?”

“పచ్చ డబ్బా…”

“దొంగ చేతికి తాళాలిచ్చారా డాక్టరుగారూ! పరీక్ష రాసేవాడి చేతే ప్రశ్నపత్రమూ జవాబులూ మోయించారా?”

ఇన్‌స్పెక్టరు బెల్టు బిగించాడు. “ఇప్పుడే పోయి పట్టుకుంటాను.”

“ఏమని పట్టుకుంటావు? కారులో తెచ్చాడనా? టేపు ఎవరైనా కత్తిరించొచ్చు అంటాడు. నిన్న ఊహించి ఒకణ్ణి పట్టుకున్నావు, అది కలిసొచ్చింది. రోజూ కలిసిరాదు.”

“మరేం చెయ్యమంటారు?”

“హాజరు తీసుకుందాం. ట్యూబులు మారిపోయాయని వాడికి తెలీదు. పెట్టెలో పందొమ్మిదే ఉన్నాయని తెలిసినవాడు లోకంలో ఆయా కాక ఇంకొక్కడే. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు ఎవరు తడుముకుంటారో చూద్దాం. నువ్వు తలుపు దగ్గర నిలబడు. మీసం తిప్పకు.”

సరిగ్గా పన్నెండింటికి నాలుగో అంతస్తులో కమిటీ కూర్చుంది. పొడుగు బల్లకి ఒకవైపు ఆసుపత్రి పెద్దలు. ఇంకోవైపు ఎర్ర డబ్బా, నీలం డబ్బా, పచ్చ డబ్బా మనుషులు, ఎవరి రంగు టై వాళ్ళు కట్టుకుని. ఫలితాలు పరిశీలించడానికి ఒక లెక్కల నిపుణురాలిని పిలిచామని డాక్టరు చెప్పాడు. ఆ మాట అబద్ధం కాదు. టీచరు లేచి, కళ్ళజోడు ముక్కు మీదికి దించి, కాయితం ఎత్తింది.

“చివరి విడత నమూనాలు. నంబరు చదువుతాను, కిట్ల మీద ఫలితం వచ్చి ఉంటే హాజరు అంటాను. నలభై ఒకటి, హాజరు. నలభై రెండు, హాజరు.”

ఎర్ర టై ఆవలించాడు. నీలం టై కింద ఫోను చూసుకుంటున్నాడు. పచ్చ టై చిరునవ్వుతో తల ఊపుతున్నాడు. యాభై దాటేసరికి ఆ తల ఊపడం కొంచెం నెమ్మదించింది.

“యాభై రెండు, హాజరు. యాభై మూడు, హాజరు. యాభై నాలుగు…” ఆమె గొంతులో ఏ తేడా లేదు. “హాజరు. మూడు కిట్లలోనూ.”

“అదెలా వస్తుంది!”

అన్నాక మేనేజరు తన నోటిని తనే చేత్తో మూసుకున్నాడు. అప్పటికే బల్ల చుట్టూ ఉన్న తలలన్నీ అతని వైపు తిరిగాయి.

“ఎందుకు రాకూడదు బాబూ?” అంది టీచరు, తరగతిలో ఆఖరి బెంచీని అడిగినట్టు.

“అంటే… నా ఉద్దేశం…” టై వదులు చేసుకున్నాడు. తలుపు వైపు చూశాడు. అక్కడ ఇన్‌స్పెక్టరు నిలబడి, వద్దన్నా మీసం తిప్పుతున్నాడు. మేనేజరు కుర్చీలో కూలబడ్డాడు.

“మా కిట్టు దాన్ని పట్టలేదండీ. మా దగ్గర నాలుగుసార్లు చూశాం, నాలుగుసార్లూ వేరే పేరే చెప్పింది. మిగతా యాభై తొమ్మిదీ బ్రహ్మాండంగా చెబుతుంది! అరవైలో ఒకటే కదా అని…”

“ఆ ఒకటే కదయ్యా మనిషిని చంపేది!” డాక్టరు బల్ల గుద్దాడు. ఆయనలో అంత గొంతుందని ల్యాబులో ఎవరికీ తెలీదు.

“ట్యూబు ఎక్కడ?” అడిగింది టీచరు.

“కారులో. ముందు సీటు ఎదురు అరలో, చేతిరుమాల్లో చుట్టి పెట్టాను. పారేద్దామంటే భయమేసింది. ఎక్కడ పారెయ్యాలో కూడా తెలీదు.”

“కారెక్కడ?”

మేనేజరు పెదాలు తడుపుకున్నాడు. “మంగళవారం పొద్దున్నుంచీ కనబడటం లేదండీ. ఇంటి ముందు నుంచి ఎవడో ఎత్తుకుపోయాడు.”

“మరి కంప్లైంటు ఇవ్వలేదేం?” ఇన్‌స్పెక్టరు అరిచాడు.

“కారులో విలువైన వస్తువులేం ఉన్నాయని అడుగుతారు కదా సార్.”

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఇన్‌స్పెక్టరు కారు నంబరు రాసుకుని బయటికి నడిచాడు. గోడ అవతల నుంచి అతను ఫోనులో ఎవరినో ఊపిరాడకుండా తిట్టడం వినిపించింది. తర్వాత తిట్లు ఆగిపోయాయి. మళ్ళీ లోపలికొచ్చిన మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు. అతను కమిటీని చూడలేదు, డాక్టర్ని చూడలేదు. నేరుగా టీచరు దగ్గరికొచ్చాడు.

“వదినా, కారు దొరికింది.”

“ఎక్కడ?”

“కిందే. మన ఆసుపత్రి ఎమర్జెన్సీ గేటు ముందు. పన్నెండుకి పది నిమిషాలుందనగా వచ్చిందట. ముందు అర తెరిచి ఉంది, సీటంతా సన్నటి గాజుపెంకులు, నెత్తురు. తోలుకొచ్చినవాడికి అరచెయ్యి తెగింది. ఇక్కడే కట్టు కట్టించుకున్నాడు.”

“వాడు ఇంకా కింద ఉన్నాడా?”

“లేడు. నర్సు చెప్పింది. ఆ కట్టుతోనే, బట్టలు కూడా మార్చుకోకుండా రెండో అంతస్తుకి వెళ్ళాడట.” ఇన్‌స్పెక్టరు మెట్ల వైపు వేలు చూపించాడు. “వాళ్ళమ్మ ఐసీయూలో ఉందట వదినా. చూసొస్తానన్నాడట.”

డాక్టరు కుర్చీ వెనక్కి పడిపోయింది. ఇన్‌స్పెక్టరు మెట్ల వైపు పరిగెత్తాడు. అయినా మొదటి మలుపు దగ్గరికి అతను చేరేసరికి, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, వదిన అప్పటికే అతనికంటే అయిదు మెట్లు కిందుంది.